పెట్టెలో బెల్టు

ఆదివారం వచ్చిందంటే వదిన పొద్దున్నే కారు తుడవడం మొదలుపెట్టేది. షెడ్డులో పనిచేసేవాళ్ళకీ, బళ్ళు బాగుచేయించుకోడానికి వచ్చేవాళ్ళకీ, ఎదురుగా టీ అమ్ముకునేవాడికీ అందరికీ ఆమె వదినే. కాబట్టి మనమూ అలాగే పిలుద్దాం. కారు బాగా పాతది. ఎండకి వెలిసి వెలిసి అసలు కొన్నప్పుడు ఏ రంగో చెప్పడం కష్టం. కానీ తాళం తిప్పగానే ఇంజను అందుకునేది. అందుకుని, గొంతు సవరించుకున్నట్టు ఒక్క క్షణం తగ్గి, మళ్ళీ లేచి నిలకడగా నడిచేది. ఆ తగ్గి లేవడం మరే బండికీ లేదు. ఆ ఇంజనుని విప్పి, కూర్చి, అలా కుదిర్చింది వదిన మొగుడు. ఆయన్ని షెడ్డులో అందరూ మేస్త్రీ అనేవారు. మేస్త్రీ పోయి ఏడాది కావస్తోంది.

ఆ కారు వేసుకుని వదిన ఆదివారం ఆదివారం పక్క ఊళ్ళో ఉన్న ఆడపడుచు ఇంటికి వెళ్ళేది. చుట్టపుచూపుగా కాదు. ఉన్న మాట చెప్పుకోవాలంటే, అబద్ధం ఆడడానికి వెళ్ళేది.

అత్తగారు ఆ ఇంట్లో మంచం పట్టి ఉంది. పక్షవాతం వచ్చి ఎడమ వైపు పడిపోయింది. చూపు మసకబారింది. అన్నిటికంటే పెద్ద దెబ్బ జ్ఞాపకానికి తగిలింది. పాత సంగతులు చెక్కుచెదరలేదు. పెళ్ళినాటి చీర రంగు దగ్గర్నుంచి పెద్దకొడుకు మొదటిసారి స్పానరు పట్టుకుని వేలు చితక్కొట్టుకున్న రోజు దాకా పూసగుచ్చినట్టు చెప్పేది. నిన్నటిది మాత్రం నిలిచేది కాదు. ఒక నిద్ర తీసి లేచిందంటే అంతకుముందు విన్నదంతా తుడిచిపెట్టుకుపోయేది.

మేస్త్రీ పోయిన రోజు ఆమెకి చెప్పారు. కన్నతల్లికి చెప్పకుండా ఎలా ఉంటారు? ఆమె ఏడ్చిన ఏడుపుకి వీధి వీధంతా గుమ్మాల్లోకి వచ్చింది. ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లి పడుకుంది. తెల్లారి లేచి, "పెద్దోడు ఫోను చేశాడా?" అని అడిగింది. ఆడపడుచుకి ఏం చెయ్యాలో తోచలేదు. మళ్ళీ చెప్పింది. ముసలావిడ మొదటిసారి విన్నట్టే విన్నది. ఆమె వరకూ అది మొదటిసారే మరి. మళ్ళీ అదే ఏడుపు, బాగున్న ఒక్క చేత్తో అదే గుండెలు బాదుకోవడం.

"ఇంక నావల్ల కాదు వదినా," అంది ఆడపడుచు వంటింట్లో నేల మీద చతికిలబడి. "రోజూ పొద్దున్నే లేచి అన్నయ్యని అమ్మ ముందు చంపలేను."

ఆ మాట మూడోసారి అత్తగారి చెవిన పడకూడదని ఆ వంటింట్లోనే ముగ్గురూ ఒట్టు పెట్టుకున్నారు. మూడో మనిషి చిన్నోడు, మేస్త్రీ తమ్ముడు. నెత్తి సగం నెరిసింది, పొట్ట ముందుకొచ్చింది, అయినా ఆ ఇంట్లో ఇప్పటికీ చిన్నోడే. వదిన కాపరానికి వచ్చేనాటికి నిక్కర్లు వేసుకుని తిరిగేవాడు, అందుకని ఆమెని 'నువ్వు' అనే చనువు అతనికుంది.

అబద్ధానికి దారి కారే చూపించింది. ఎవరూ అనుకుని చేసింది కాదు. ఆయన పోయాక మొదటిసారి వదిన ఆ కారులో వెళ్ళినప్పుడు, గదిలో కళ్ళు మూసుకుని ఉన్న అత్తగారు కిటికీ బయట ఇంజను చప్పుడు విని మొహమంతా విప్పార్చుకుంది. "పెద్దోడొచ్చాడు," అంది. వదిన గదిలోకి వచ్చి, "ఆ, వచ్చారత్తయ్యా. దారిలో ఎవరిదో బండి ఆగిపోతే చూస్తున్నారు, వస్తారు," అంది. ముసలావిడ నవ్వింది. "వాడు ఇంటికొచ్చినా పక్కవాళ్ళ బండి కిందే పడుకుంటాడు. వాళ్ళ నాన్న పోలికే." ఆ నవ్వుతోనే కునుకు తీసింది. లేచాక, "వచ్చి మీ పక్కనే కూర్చుని వెళ్ళారు, మీరు నిద్రపోతున్నారు," అంటే, "లేపకపోయావా" అని కాస్త విసుక్కుని ఊరుకుంది. బయల్దేరేటప్పుడు వదిన, ఆయన కొట్టినట్టే, రెండుసార్లు హారను కొట్టింది. గదిలోంచి "జాగ్రత్తరా!" అని కేక వినిపించింది.

ఇక అదే అలవాటైపోయింది. ఆడపడుచుకి అది అమ్మ కోసం చేసే పని. వదినకి మాత్రం ఒక్క అత్తగారి కోసమే కాదు. ఆ గదిలో ఉన్న గంటా రెండు గంటలూ ఆమె మొగుడు బతికే ఉండేవాడు. బయట ఎవరి బండో చూస్తూ ఉండేవాడు, వస్తూ ఉండేవాడు. అక్కడ ఆయన మీద చాడీలు చెప్పేది, వేళకి తినడని విసుక్కునేది, అత్తా కోడళ్ళు కలిసి నవ్వుకునేవాళ్ళు. వారంలో మిగతా రోజులన్నీ ఆ గంట కోసం ఈడ్చుకుంటూ వచ్చేది. ఇది తప్పో ఒప్పో ఆమెకి తెలియదు, నన్నడిగితే నాకూ తెలియదు.

ఇప్పుడు బెల్టు సంగతి చెప్పాలి.

ఇంజనులో టైమింగు బెల్టు అని ఒకటుంటుంది. పళ్ళున్న రబ్బరు పట్టీ. కింద తిరిగే ఇరుసునీ పైన వాల్వులు తెరిచి మూసే ఇరుసునీ ఒక్క లయలో తిప్పేది అదే. మిగతావన్నీ పాడయ్యే ముందు ఏదో ఒక గొడవ చేస్తాయి. బేరింగు అరుస్తుంది, సైలెన్సరు దగ్గుతుంది, బ్రేకు కీచుమంటుంది. ఇది మాత్రం కవరు వెనక కిక్కురుమనకుండా తిరిగి తిరిగి, ఒకనాడు తెగి ఊరుకుంటుంది. అది తెగిన మరుక్షణం వాల్వులు పిస్టన్లకి అడ్డం పడి ఇంజను గుల్లవుతుంది. అందుకని మేస్త్రీ షెడ్డుకి వచ్చిన ప్రతివాడికీ చెవినిల్లు కట్టుకుని చెప్పేవాడు. "ఎన్ని కిలోమీటర్లు తిరిగిందన్నదొకటి, ఎన్నేళ్ళయిందన్నదొకటి. ఏది ముందొస్తే దానికే మార్చాలి. బండి తిప్పలేదు కదా అనకండి. రబ్బరు నిలబెట్టినా ముసలిదవుతుంది."

మంచి బెల్టు తీసేసి డబ్బు గుంజుతున్నారని జనానికి ఎప్పుడూ అనుమానమే. ఆ అనుమానానికి విరుగుడు కనిపెట్టింది అత్తగారు. మామగారు బతికున్న రోజుల్లో షెడ్డులో ఆమె కూడా పనిచేసేది. కిరసనాయిల్లో సామాన్లు కడిగేది, లెక్కలు చూసేది, వచ్చినవాళ్ళతో వాదన పెట్టుకునేది. నోరు పెద్దది. తీసేసిన పాత బెల్టుని కొత్తదాని పెట్టెలో పెట్టి బండివాడి చేతికిచ్చే పద్ధతి ఆమే పెట్టింది. ఇచ్చే ముందు పెట్టె విప్పి, బెల్టుని వెనక్కి వంచి, పగుళ్ళు చూపించి, "ఇదిగో, ఇంకో నాలుగు రోజులైతే నడిరోడ్డు మీద నిలబడేవాడివి," అని నాలుగు చీవాట్లు కూడా పెట్టి పంపేది. అప్పట్నుంచీ ఆ షెడ్డులో అదే చట్టం. డిక్కీలో బెల్టు పెట్టె ఉందంటే బెల్టు మార్చినట్టే. ఇంక కవరు విప్పి చూసే పనే లేదు.

మేస్త్రీకి ఇంకో గుణం ఉండేది. కొన్న సామాను నిలవ ఉంచేవాడు కాదు. పొద్దున తెచ్చింది సాయంత్రానికి బండిలోకి ఎక్కాల్సిందే. "తెచ్చిన సామాను తెల్లారనివ్వకూడదు," అనేవాడు. ఇదీ తల్లి దగ్గర నేర్చిందే.

ఆయన పోయిన రోజు షెడ్డుకి సెలవు. సొంత బండి పని ఎప్పుడూ సెలవు రోజే పెట్టుకునేవాడు. "ఇవాళ మన బెల్టు మార్చేస్తా. అమ్మ దగ్గరికి అంత దూరం తిరిగే బండి," అని చెప్పి వెళ్ళాడు. మధ్యాహ్నం టీకొట్టువాడు చూసేసరికి కారు పక్కన స్టూలు మీద గోడకి చేరగిలబడి ఉన్నాడు. పని ముగించుకుని కునుకు తీస్తున్నాడనుకున్నాడు పాపం. కాసేపాగి టీ తీసుకెళ్ళి లేపితే లేవలేదు. గుండె ఆగిపోయింది.

కారు బానెట్ మూసి ఉంది. పక్కనే గుడ్డ పరిచి స్పానర్లు తుడిచి వరసగా పేర్చి ఉన్నాయి. వాటి పక్కన బెల్టు పెట్టె, ఒక మూత తెరుచుకుని. ఆయన చేతులు శుభ్రంగా ఉన్నాయి. చూసినవాళ్ళందరూ ఒకటే అనుకున్నారు. పనంతా ముగించి, సామాను తుడుచుకుని, చేతులు కడుక్కుని, కాసేపు కూర్చుని పోయాడు. చిన్నోడు ఏడుస్తూనే స్పానర్లు ఎత్తి లోపల పెట్టాడు. పెట్టె తీసి డిక్కీలో పడేశాడు.

వదినకి ఆ ఏడాదంతా మిగిలిన ఓదార్పు అదొక్కటే. పలకరించడానికి వచ్చినవాళ్ళకి చెప్పేది. "చేతిలో పని మిగల్చకుండా పోయారు. నేను ఆ బండిలో తిరుగుతానని బెల్టు కూడా మార్చి మరీ పోయారు." ఆ మాట అనేటప్పుడు ఆమె గొంతులో కొంచెం గర్వం కూడా ఉండేది.

మొన్న చలికాలంలో చిన్నోడికి సందేహం రాకపోలేదు. కారు సర్వీసు చేస్తూ, "వదినా, దీని బెల్టు ఎన్నాళ్ళయింది?" అన్నాడు.

"మీ అన్నయ్య మార్చారుగా. ఆ రోజే."

"అవుననుకో. ఓసారి కవరు విప్పి చూద్దామా? పై కవరేగా, ఎంతసేపు?"

విప్పడానికి స్పానరు చేతిలోకి తీసుకున్నాడు కూడా. వదిన డిక్కీ తెరిచింది. అక్కడ పెట్టె ఉంది, చిన్నోడు తన చేత్తో పడేసినచోటే. ఇద్దరూ దాన్ని చూశారు. చిన్నోడికి సిగ్గేసింది. అన్న ఆఖరిసారి చేసిన పనిని విప్పి చూడడమేంటి, అంతకంటే అనుమానించడం ఏముంది అనుకున్నాడు. స్పానరు జేబులో వేసుకుని, "మార్చాడు, మార్చాడు," అని డిక్కీ మూశాడు. చెయ్యి చాస్తే అందే పెట్టె. మూత కూడా సగం తెరిచే ఉంది. ఇద్దర్లో ఒక్కరూ దాన్ని తాకలేదు. ఆయన తాకిన ఆఖరి వస్తువని వదిన తాకలేదు. షెడ్డు చట్టం మీద నమ్మకంతో చిన్నోడు తాకలేదు.

మొన్న ఆదివారం వదిన ఎప్పటిలాగే బయల్దేరింది. ఊరు దాటింది, సగం దూరం పోయింది. చిన్న ఎత్తు ఎక్కుతుండగా ముందు నుంచి 'టప్' అని ఒక చప్పుడు, వెంటనే గలగలమని రాళ్ళు కలిపినట్టు ఇంకో చప్పుడు, ఆ తర్వాత ఏమీ లేదు. ఇంజను పోయింది. స్టీరింగు బండరాయిలా బిగుసుకుంది. వదిన బలమంతా పెట్టి పక్కకి లాగి ఆపింది. తాళం తిప్పితే ఇంజను ఏ పట్టూ లేకుండా గిర్రున తేలిగ్గా తిరిగింది తప్ప అందుకోలేదు.

చిన్నోడికి ఫోను చేసి, మళ్ళీ తాళం తిప్పి వినిపించింది. ఆ చప్పుడు వినగానే అతను కంగారుగా అరిచాడు. "తిప్పకు వదినా! ఇంక తిప్పకు! తాళం తీసేసి పక్కన కూర్చో, వస్తున్నా."

షెడ్డు వ్యానుకి తాడు కట్టి లాక్కొచ్చాడు. దారి పొడవునా వదిన ఒకటే లెక్క వేసుకుంటోంది. మధ్యాహ్నానికి బాగైతే సాయంత్రానికి వెళ్ళొచ్చు. అత్తయ్య ఇవాళ చప్పుడు వినకపోతే అడుగుతుంది. అడిగితే ఆడపడుచు తట్టుకోలేదు.

షెడ్డులో చిన్నోడు కవరు విప్పాడు. విప్పి లోపలికి చూశాడు. తర్వాత రెండు వేళ్ళతో ఒక ముక్క బయటికి లాగాడు. నల్లగా, గాజులా మెరుగెక్కిన పాత రబ్బరు. ఒకవైపు పళ్ళు వరసగా ఊడిపోయి ఉన్నాయి. వంచితే అడుగడుగునా పగుళ్ళు.

"ఇది ఏడాది కింద వేసింది కాదు వదినా," అన్నాడు. "ఎప్పటిదో."

వదినకి అర్థం కాలేదు. చిన్నోడు వెనక్కి నడిచి డిక్కీ తెరిచాడు, పెట్టె తీశాడు, మూత ఎత్తాడు. కొత్త రబ్బరు వాసన గుప్పుమంది. లోపల బెల్టు చుట్ట చుట్టినట్టే ఉంది, దాని మీద తెల్లటి అక్షరాలు ఇంకా చెరగలేదు. సామాన్ల కొట్టువాడు పళ్ళు సరిచూడ్డానికి ఒక మూత తెరిచినట్టున్నాడు, అంతే.

చిన్నోడు ఉన్నచోటే కూలబడ్డాడు.

"స్పానర్లు తుడిచి పెట్టింది అయిపోయాక కాదు వదినా. మొదలుపెట్టడానికి. చేతులు శుభ్రంగా ఉన్నాయి చూడు, కడుక్కున్నాడనుకున్నాం. అసలు మురికే కాలేదు. స్టూలు మీద కాసేపు కూర్చుని మొదలుపెడదామనుకున్నాడు." అరచేత్తో నుదురు కొట్టుకున్నాడు. "ఆ రోజు నేను స్పానరు పట్టుకుని కూడా... ఛీ, నా బతుకు!"

"నేనే డిక్కీ తెరిచాను," అంది వదిన. "నువ్వేం చేస్తావు."

అంతకుమించి ఓదార్చడానికి ఆమె దగ్గర ఏమీ లేదు. ఆమె ఓదార్పు ఇందాకే పోయింది. పని ముగించుకుని పోయాడనుకుంది. ముగించలేదు. గుడ్డ పరుచుకుని, అన్నీ సర్దుకుని, ఒంట్లో ఏదో తేడాగా ఉంటే ఎవర్నీ పిలవకుండా కూర్చున్నాడు. ఎంతసేపు కూర్చున్నాడో, ఎలా ఉందో, ఏమనుకున్నాడో. ఏడాదిగా మనసులోకి రాని ప్రశ్నలన్నీ ఒక్కసారి వచ్చి పడ్డాయి.

"బాగవుతుందా?" అంది వదిన.

"ఇంజను మీది హెడ్డు దింపాలి. వాల్వులు వంగిపోయాయి. పిస్టన్లు కూడా చూడాలి. బండి నడుస్తుంది వదినా, నేను నడిపిస్తా." చిన్నోడు తలెత్తలేదు. "కానీ ఆ చప్పుడు మాత్రం రాదు. అది అన్నయ్య చేతి చప్పుడు. నాకు రాదు."

వదిన బస్సెక్కింది. పెట్టె చిన్నోడి చేతిలోంచి తీసుకున్న సంగతి బస్సులో కూర్చున్నాక గానీ గమనించలేదు. ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులతో పట్టుకుంది. పక్కన కూర్చున్నావిడ, "ఏంటమ్మా, స్వీట్లా?" అంది. కాదని తల ఊపింది.

వెళ్ళేసరికి సాయంత్రమైంది. ఆడపడుచు గుమ్మంలోనే ఎదురొచ్చింది. "పొద్దుట్నుంచీ అడుగుతూనే ఉంది వదినా. దారిలో ఉన్నారు, దారిలో ఉన్నారు అని నెట్టుకొచ్చా."

"బండి పోయింది," అంది వదిన. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "ఏదో ఒకటి చెప్తాలే," అని గదిలోకి నడిచింది.

అత్తగారు దిండుకి ఆనుకుని కూర్చుని ఉంది. అడుగుల చప్పుడు పోల్చుకుంది.

"వచ్చావా అమ్మాయీ? బండి చప్పుడు వినపడలేదేం?"

"బస్సులో వచ్చానత్తయ్యా. బండి చెడిపోయింది."

ముసలావిడ ఫక్కున నవ్వింది. "మెకానిక్కు బండి చెడిపోవడం! నలుగురూ వింటే మన షెడ్డుకి ఎవడొస్తాడే? ఏం పోయింది?"

బ్యాటరీ అనొచ్చు. టైరు అనొచ్చు. ఏడాదిగా తడుముకోకుండా అబద్ధాలాడిన మనిషి. కానీ పొద్దుట్నుంచీ ఒకే మాట ఆమె మనసులో తిరుగుతూ ఉంది, అదే బయటికొచ్చింది.

"బెల్టు తెగిందత్తయ్యా. టైమింగు బెల్టు."

నవ్వు ఆగింది. "మార్చుకోలేదా వాడు?"

వదిన మంచం పక్కన కూర్చుంది. అత్తగారు అలవాటుగా కోడలి చెయ్యి పట్టుకోడానికి తన కుడిచెయ్యి చాచింది. చేతికి అట్ట తగిలింది. అంచులు తడిమింది.

"బెల్టు పెట్టె! ఇలా తే."

ఆమె పెట్టిన పద్ధతి, ఆమె విప్పే పెట్టె. వదిన దాన్ని ఆమె చేతికిచ్చింది. ముసలావిడ పెట్టెని పొట్టకి ఆనించుకుని ఒంటిచేత్తో మూత ఎత్తి బెల్టు బయటికి లాగింది. పాతికేళ్ళు ఆమె చేతుల మీదుగా పోయిన పని. బొటనవేలితో పళ్ళు తడుముతూ పోయింది. ఒడిలో నొక్కిపెట్టి వెనక్కి వంచింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. చీవాట్లు పెట్టడానికి సిద్ధంగా ఉన్న మొహం కాస్తా మారింది.

"ఇది పాతది కాదే. కొత్తది. ఎక్కించనేలేదు."

"ఆ... చిన్నోడు..."

"ఎప్పుడు కొన్నారు దీన్ని?"

"పోయిన ఎండాకాలమత్తయ్యా."

అనేశాక గానీ ఏమన్నదో తెలియలేదు. గుమ్మం దగ్గర పాలగ్లాసుతో నిలబడ్డ ఆడపడుచు వద్దు వద్దని చెయ్యి ఊపుతోంది.

"ఎవరు కొన్నారు?"

"మీ అబ్బాయి."

అత్తగారు బెల్టుని ఒళ్ళో పెట్టుకుంది. మసక కళ్ళు కిటికీ వైపు తిరిగి ఉన్నాయి.

"పోయిన ఎండాకాలం కొన్న బెల్టు ఇంకా పెట్టెలోనే ఉందా," అంది చివరికి, అడుగుతున్నట్టు కాదు, కూడుకుంటున్నట్టు. "పెద్దోడు తెచ్చిన సామాను తెల్లారనివ్వడు. జ్వరంలో కూడా లేచిపోయి ఎక్కించొచ్చేవాడు." బెల్టు పళ్ళు మరోసారి తడిమింది. "ఉంటే ఎక్కించేవాడే. అమ్మాయీ, వాడు లేడు కదూ?"

ఆడపడుచు పాలగ్లాసు నేల మీద పెట్టేసింది. వదిన అబద్ధం కోసం ఎంత దేవుకున్నా ఒక్క ముక్కా దొరకలేదు. తల వంచుకుంది. ముసలావిడకి ఆ మౌనం సరిపోయింది.

ఈసారి వీధి గుమ్మాల్లోకి రాలేదు. ఆమె గుండెలు బాదుకోలేదు. ఇంకొకరు వచ్చి చెబితే వినడం వేరు, తన వేళ్ళతో తనే తెలుసుకోవడం వేరు కాబోలు. కళ్ళనిండా నీళ్ళు కారుతుంటే తుడుచుకోకుండా అడిగింది.

"పనిలో ఉండగానా?"

"మొదలుపెట్టబోతూ. స్పానర్లు సర్దుకుని కూర్చున్నారట."

"నువ్వు దగ్గరున్నావా?"

"లేనత్తయ్యా. ఎవరూ లేరు." ఆ మాట ఇంతకుముందెప్పుడూ పైకి అనలేదు. అనగానే ఆమె లోపల ఏడాదిగా బిగబట్టుకున్నదంతా తెగిపోయింది. "నన్ను పిలవనైనా పిలవలేదత్తయ్యా. ఒక్క కేక వేస్తే టీకొట్టువాడైనా వచ్చేవాడు. కూర్చుంటే తగ్గుతుందనుకున్నారు."

"ఒంట్లో బాగోలేదని చెప్తే మగతనం తగ్గిపోతుంది వీళ్ళకి," అంది అత్తగారు ఏడుస్తూనే కోపంగా. "వాళ్ళ నాన్నా అంతే." కోడలి తల తన బాగున్న వైపుకి లాక్కుంది. "ఇన్నాళ్ళూ నా ముందు నవ్వుతూ ఎలా తిరిగావే తల్లీ?"

"మీ ముందే నవ్వానత్తయ్యా. ఇంకెక్కడా నవ్వలేదు."

వదిన ఆ మంచం మీద తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది. ఆయన పోయినప్పుడు కూడా అలా ఏడవలేదు. అప్పుడు వచ్చేపోయే జనం, పనులు, ఆపైన ఈ అబద్ధం. ఆయన కోసం తనంత ఏడవగలిగిన మనిషి లోకంలో ఒక్కతే ఉంది, ఆమె ముందే ఏడాదిపాటు ఏడవడానికి వీల్లేకపోయింది. ఇప్పుడా మనిషి చెయ్యి ఆమె జుట్టు నిమురుతోంది. అంత దుఃఖంలోనూ వదినకి ప్రాణం కుదుటపడినట్టయింది. ఇద్దరూ ఆయన గురించి మాట్లాడుకున్నారు, ఏడ్చారు, మళ్ళీ మాట్లాడుకున్నారు. దీపాలు పెట్టే వేళకి ముసలావిడ బెల్టు చేత్తో పట్టుకునే నిద్రలోకి జారుకుంది.

తెల్లారేసరికి వదిన ఆ మంచం పక్కనే ఉంది. అత్తగారు లేస్తుంది. లేచాక ఏం జరుగుతుందో తెలుసు, అయినా చూస్తోంది. గుర్తుండకూడదని కోరుకుంది. ఉంటే ఆ ముసలి ప్రాణం ఎలా మోస్తుంది? మరుక్షణమే గుర్తుంటే బాగుండునని కూడా కోరుకుంది. తన స్వార్థానికి తనకే సిగ్గేసింది. కానీ కోరుకుంది. రాత్రి దొరికిన తోడు తెల్లారి కూడా ఉంటే చాలనిపించింది.

అత్తగారు కదిలింది. కళ్ళు తెరిచింది. మొహం కడిగిన పలకలా ఉంది.

"ఎవరూ, అమ్మాయేనా? ఎప్పుడొచ్చారు?" చేతికింద ఏదో తగిలితే తడిమింది. "ఇదేంటి, బెల్టు! కొత్తది. పెద్దోడు తెచ్చాడా?"

వదిన గుమ్మం వైపు చూసింది. ఆడపడుచు మొహం తిప్పుకుని కొంగు నోట్లో కుక్కుకుంది.

"ఆ, ఆయనే తెచ్చారత్తయ్యా," అంది వదిన.

"వాడేడీ?"

"బయట బండి దగ్గరున్నారు. ఆ బెల్టు ఎక్కించడానికే కవరు విప్పుతున్నారు."

"మరి దీన్ని నా మంచం మీద పెట్టుకుని కూర్చున్నావేంటే? అక్కడ వాడు చెయ్యి చాపుకుని ఎదురుచూస్తుంటాడు." ముసలావిడ బెల్టు తీసి ముందుకి చాచింది. మొహమంతా సంతోషం. "పట్టుకెళ్ళి ఇవ్వు. తెచ్చిన సామాను తెల్లారనివ్వడు వాడు."

వదిన బెల్టు అందుకుని బయటికి నడిచింది. మెట్లు దిగి, ఎప్పుడూ కారు ఆపే చోటికి వెళ్ళి నిలబడింది. అక్కడ నేల మీద పాత నూనె మరక ఒకటి ఉంది. గదిలోంచి అత్తగారి కేక వినిపించింది.

"ఇచ్చావా?"

"ఇచ్చానత్తయ్యా," అంది వదిన.